మహాసముద్రాల మధ్య తలుపులు – మారుతున్న నీటి బాటలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నేను చదువుతున్న విషయం గురించే రాస్తానని చెప్పాను. నేను ఎమ్మెస్సీలో చదివేది సముద్ర శాస్త్రం. "సముద్రంలో చదవడానికి ఏముంది, ఉప్పునీళ్లే కదా!" అని చాలామంది అడుగుతుంటారు. ఆ ఉప్పునీళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయి, పోతూ పోతూ ఎంత వేడిని మోసుకుపోతున్నాయి, ఆ దారులు కాలంతోపాటు ఎలా మారుతున్నాయి అనేవే నేను ఇక్కడ చెప్పదలచిన సంగతులు. పదో తరగతి చెల్లెళ్లకు కూడా అర్థం కావాలని వీలైనంత తేలికగా రాస్తున్నాను. లెక్కలున్న చోట భయపడకండి. గుణకారం, భాగహారం వస్తే చాలు.

పటంలో ఐదు, నీటికి ఒకటే

భూగోళ పటంలో పసిఫిక్, అట్లాంటిక్, హిందూ, ఆర్కిటిక్, దక్షిణ మహాసముద్రాలని ఐదు పేర్లు చూస్తాం. పేర్లు మనం పెట్టుకున్నవి. నీటికి ఆ హద్దులు లేవు. ఒక్కో మహాసముద్రం ఒక్కో పెద్ద గిన్నె అనుకుంటే, ఆ గిన్నెల అంచులు కొన్నిచోట్ల తెగి ఉంటాయి. ఆ తెగిన చోట్ల నుంచి ఒక గిన్నెలోని నీరు ఇంకో గిన్నెలోకి పోతూ ఉంటుంది. వాటినే నేను తలుపులంటున్నాను.

మన పాఠ్యపుస్తకాల్లో గల్ఫ్ స్ట్రీమ్, కురోషియో, లాబ్రడార్ అని ప్రవాహాల పేర్లు వరుసగా ఇస్తారు. ఏది ఉష్ణ ప్రవాహం, ఏది శీతల ప్రవాహం అని బట్టీపడతాం. పరీక్షకు అది చాలు. కానీ అలా చదివితే ఈ ప్రవాహాలు ఎప్పుడూ ఒకేలా ఉన్నాయని, ఎప్పటికీ ఒకేలా ఉంటాయని మనసులో పడిపోతుంది. అది నిజం కాదు. తలుపులు కొన్ని కొత్తగా తెరుచుకున్నాయి, కొన్ని మూసుకుపోయాయి. తెరిచి ఉన్న తలుపుల్లో కూడా నీరు ఒక దశాబ్దం ఎక్కువగా, ఒక దశాబ్దం తక్కువగా పారుతుంది.

ముఖ్యమైన తలుపులు నాలుగు చెప్పుకుందాం. పసిఫిక్ నుంచి హిందూ మహాసముద్రంలోకి ఇండోనేషియా దీవుల మధ్య దారి ఒకటి. హిందూ మహాసముద్రం నుంచి అట్లాంటిక్‌లోకి ఆఫ్రికా దక్షిణ కొస దగ్గర దారి రెండోది. దక్షిణ అమెరికా కొసకు, అంటార్కిటికాకు మధ్య ఉన్న డ్రేక్ పాసేజ్ మూడోది. అలాస్కాకు, రష్యాకు మధ్య ఉన్న బేరింగ్ జలసంధి నాలుగోది.

ఎంత నీరు?

నదిలో నీటిని మనవాళ్లు క్యూసెక్కుల్లో చెబుతారు. ఒక సెకనులో ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. సముద్ర ప్రవాహాలకు ఆ కొలత సరిపోదు. అందుకని శాస్త్రజ్ఞులు స్వెర్‌డ్రప్ అనే కొలత పెట్టుకున్నారు. నార్వేకు చెందిన సముద్ర శాస్త్రవేత్త హెరాల్డ్ స్వెర్‌డ్రప్ పేరు మీద వచ్చిన మాట అది. ఒక సెకనుకు పది లక్షల ఘనపు మీటర్ల నీరు పారితే ఒక స్వెర్‌డ్రప్.

ఇది ఎంతో మనకు తెలిసిన లెక్కలో చూద్దాం. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అప్పుడు ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారింది. ఒక ఘనపు మీటరుకు సుమారు 35 ఘనపుటడుగులు. అంటే అది సెకనుకు లక్ష ఘనపు మీటర్లు. కాబట్టి అలాంటి గోదావరి వరదలు పది ఒకేసారి పారితే ఒక స్వెర్‌డ్రప్ అవుతుంది.

ఇప్పుడు తలుపుల లెక్క చూడండి. బేరింగ్ జలసంధిలో పారేది సుమారు ఒక స్వెర్‌డ్రప్. అంటే పది గోదావరి వరదలు. ఇండోనేషియా దీవుల మధ్య పారేది సుమారు 15 స్వెర్‌డ్రప్‌లు. అంటే నూట యాభై గోదావరి వరదలు, రాత్రీ పగలూ, ఏడాది పొడవునా. డ్రేక్ పాసేజ్‌లో అయితే 1970ల చివర వేసిన లెక్క ప్రకారం సుమారు 134 స్వెర్‌డ్రప్‌లు. ఆ తర్వాత మెరుగైన పరికరాలతో అడుగు దాకా కొలిస్తే 173 దాకా వచ్చింది. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. ఈ పెరుగుదల ప్రవాహం పెరిగిందని కాదు. అంతకుముందు అందని అడుగు నీటిని కూడా కొలవగలిగారని అర్థం. కొలిచే పద్ధతి మారితే అంకె మారుతుంది. సముద్రం మారిందా, మన కొలత మారిందా అన్నది ఈ శాస్త్రంలో ప్రతిసారీ ముందు అడగవలసిన ప్రశ్న.

నీరు ఎందుకు పారుతుంది?

మూడు కారణాలు ముఖ్యం. మొదటిది గాలి. ఒకే దిక్కున ఏళ్ల తరబడి వీచే గాలి పైనున్న నీటిని తోస్తుంది. రెండోది మట్టంలో తేడా. ఒకవైపు నీరు పోగుపడితే అది పల్లపు వైపుకు జారుతుంది. మూడోది సాంద్రత. చల్లని నీరు, ఉప్పు ఎక్కువ ఉన్న నీరు బరువుగా ఉండి కిందికి దిగుతుంది. వెచ్చని నీరు, ఉప్పు తక్కువ ఉన్న నీరు పైన తేలుతుంది.

ఇండోనేషియా దారిలో మొదటి రెండు కారణాలు బాగా కనిపిస్తాయి. పసిఫిక్‌లో భూమధ్యరేఖ వెంబడి వ్యాపార పవనాలు తూర్పు నుంచి పడమరకు వీస్తాయి. అవి వెచ్చని నీటిని ఫిలిప్పీన్స్, న్యూగినీల వైపుకు తోసి పోగుచేస్తాయి. దాంతో అక్కడి సముద్ర మట్టం ఇండోనేషియాకు ఇవతల ఉన్న హిందూ మహాసముద్రం మట్టం కంటే సగటున అర అడుగు ఎత్తులో ఉంటుంది. అర అడుగంటే జానెడు కూడా కాదు. ఆ కాస్త వాలుకే నూట యాభై గోదావరి వరదలు కదులుతున్నాయి. ఈ వాలును లెక్కగట్టి చూపినవాడు క్లాస్ విర్ట్కీ అనే శాస్త్రవేత్త. 1987లో ఆయన ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో ముఖ్యమైనది.

ఇండోనేషియా దారి

ఈ దారి ఒకే కాలువ కాదు. దీవుల మధ్య సందులుగా చీలి ఉంటుంది. పసిఫిక్ నుంచి వచ్చే నీటిలో ఎక్కువ భాగం బోర్నియో, సులవేసి దీవుల మధ్య ఉన్న మకస్సార్ జలసంధి గుండా దిగుతుంది. అక్కడి నుంచి కొంత నీరు బాలి, లాంబోక్ దీవుల మధ్య ఉన్న లాంబోక్ జలసంధి గుండా నేరుగా హిందూ మహాసముద్రంలో పడుతుంది. మిగిలింది తూర్పుకు తిరిగి ఒంబాయ్ జలసంధి, తిమోర్ పాసేజ్ అనే దారుల్లో బయటికి వస్తుంది.

ఈ లెక్క తేల్చడానికి 2004 నుంచి 2006 వరకు ఐదు దేశాలు కలిసి పనిచేశాయి. ఇండోనేషియా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, అమెరికా. ఆ కార్యక్రమం పేరు ఇన్‌స్టంట్. వాళ్లు చేసిందేమిటంటే, సముద్రం అడుగున ఒక పెద్ద బరువు వేసి, దానికి పొడవాటి తాడు కట్టి, ఆ తాడు నిటారుగా నిలబడేలా పైన తేలే బుడ్లు అమర్చారు. తాడు పొడవునా అక్కడక్కడ వేగం, ఉష్ణోగ్రత, లవణీయత కొలిచే పరికరాలు బిగించారు. మూడేళ్లు అవి నీటిలో ఉండి రాసుకున్నాయి. తర్వాత ఓడల్లో వెళ్లి వాటిని పైకి తీశారు. అన్ని జలసంధుల్లోనూ ఒకే కాలంలో కొలవడం అదే మొదటిసారి. ఒక్కో జలసంధిని ఒక్కో సంవత్సరం కొలిచి కలిపితే లెక్క తప్పుతుంది. ఎందుకంటే ప్రవాహం ఏటేటా మారుతుంది.

ఇందులో ఒక విచిత్రం కూడా బయటపడింది. మకస్సార్‌లో నీరు అన్నిటికంటే వేగంగా పారేది ఉపరితలం మీద కాదు, సుమారు వంద మీటర్ల లోతులో. కారణం వర్షపు నీరు. దక్షిణ చైనా సముద్రం నుంచి ఉప్పు తక్కువగా ఉన్న నీరు చలికాలం గాలులకు కొట్టుకొచ్చి జావా సముద్రంలో పైపైన పరుచుకుంటుంది. తేలికగా ఉండే ఆ నీరు మకస్సార్ దక్షిణ కొసను పైన బిరడా వేసినట్టు అడ్డుకుంటుంది. అందువల్ల వెచ్చని పై నీటి కంటే కొంచెం చల్లని కింది నీరే ఎక్కువగా హిందూ మహాసముద్రంలోకి వస్తుంది. ఈ సంగతిని 2003లో ఆర్నాల్డ్ గోర్డన్, ఆయన సహచరులు వివరించారు. ఒక సముద్రంలో కురిసిన వాన ఇంకో సముద్రానికి చేరే వేడిని తగ్గిస్తుందంటే వింతగా లేదూ!

ఉష్ణోగ్రతలో చిన్న తేడా ఎంత పెద్దదో లెక్క వేద్దాం. ఒక ఘనపు మీటరు సముద్రపు నీటిని ఒక డిగ్రీ వేడి చేయాలంటే సుమారు 40 లక్షల జౌళ్లు కావాలి. సెకనుకు ఒకటిన్నర కోట్ల ఘనపు మీటర్లు పారుతున్నాయి. గుణించండి. ఆ నీరు ఒక్క డిగ్రీ ఎక్కువ వెచ్చగా వస్తే అదనంగా వచ్చే వేడి 6 కోట్ల మెగావాట్లు. వెయ్యి మెగావాట్ల విద్యుత్ కేంద్రాలు అరవై వేలు కలిసినంత. అందుకే ఎంత నీరు అన్నదే కాదు, ఎంత వెచ్చని నీరు అన్నది కూడా చూడాలి.

భూమి తలుపులు మూసిన కాలం

దీర్ఘకాలపు మార్పుల్లో అన్నిటికంటే నెమ్మదిగా జరిగేవి భూమి కదలికల వల్ల వచ్చేవి. డ్రేక్ పాసేజ్ ఒకప్పుడు లేదు. దక్షిణ అమెరికా, అంటార్కిటికా కలిసే ఉండేవి. సుమారు మూడు కోట్ల సంవత్సరాల క్రితం నాటికి అవి విడిపోయి మధ్యలో లోతైన దారి ఏర్పడింది. అప్పటి నుంచి అంటార్కిటికా చుట్టూ నీరు అడ్డులేకుండా తిరుగుతోంది. ఉత్తరం నుంచి వచ్చే వెచ్చని నీటిని ఆ వలయం దూరంగా ఉంచుతుంది. అంటార్కిటికా మంచుఖండం కావడానికి గాలిలో బొగ్గుపులుసు వాయువు తగ్గడంతోపాటు ఇది కూడా ఒక కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తారు.

దీనికి వ్యతిరేకంగా, ఉత్తర, దక్షిణ అమెరికాల మధ్య ఉన్న దారి సుమారు 30 లక్షల సంవత్సరాల క్రితం పూర్తిగా మూసుకుపోయింది. అక్కడ పనామా భూసంధి లేచింది. అట్లాంటిక్, పసిఫిక్ విడిపోయాయి. అట్లాంటిక్ నీటిలో ఉప్పు పెరిగింది. అంతవరకు కలిసి బతికిన చేపలు, నత్తలు రెండు వైపులా వేరువేరు జాతులుగా మారాయి.

ఇండోనేషియా తలుపు కూడా అప్పట్లో ఇంకా వెడల్పుగా ఉండేది. న్యూగినీ దీవి ఉత్తరానికి జరిగి దారిని ఇరుకు చేసింది. దానివల్ల దక్షిణ పసిఫిక్ నుంచి వచ్చే వెచ్చని నీటికి బదులు ఉత్తర పసిఫిక్ నుంచి కొంచెం చల్లని నీరు రావడం మొదలైందని, ఆ కారణంగా 30-40 లక్షల ఏళ్ల క్రితం తూర్పు ఆఫ్రికాలో వానలు తగ్గి ఉండవచ్చని మార్క్ కేన్, పీటర్ మాల్నార్ 2001లో ప్రతిపాదించారు. ఇది ప్రతిపాదనే. కానీ ఎక్కడో ఒక దీవి జరిగితే వేల కిలోమీటర్ల దూరాన నేల ఎండిపోవచ్చునన్న ఆలోచన మనం గమనించాలి.

తర్వాతిది మంచు యుగాల మార్పు. సుమారు 20 వేల సంవత్సరాల క్రితం ఖండాల మీద మంచు పేరుకుపోయి సముద్ర మట్టం ఇప్పటి కంటే 120 మీటర్లకు పైగా తగ్గింది. బేరింగ్ జలసంధి లోతు 50 మీటర్లే. కాబట్టి అది ఎండిపోయి ఆసియా, అమెరికాల మధ్య నేలదారి అయింది. సుమత్రా, జావా, బోర్నియోలు ఆసియా ఖండంతో కలిసిపోయాయి. జావా సముద్రమే లేదు. మంచు కరిగాక ఈ తలుపులన్నీ మళ్లీ తెరుచుకున్నాయి.

మన కాలంలో వచ్చిన మార్పు

పై మార్పులు లక్షల ఏళ్లవి, వేల ఏళ్లవి. ఒక మనిషి జీవితంలో కనిపించే మార్పులు కూడా ఉన్నాయి.

పసిఫిక్‌లో ఎల్ నినో వస్తే వ్యాపార పవనాలు బలహీనపడతాయి. పోగుపడిన నీరు తూర్పుకు జారుతుంది. వాలు తగ్గుతుంది, ఇండోనేషియా ప్రవాహం కూడా తగ్గుతుంది. లా నినా వస్తే దీనికి తలకిందులు. ఇది రెండు మూడేళ్లకో, ఐదారేళ్లకో వచ్చిపోయే ఊగిసలాట.

అయితే 1990ల నుంచి 2010ల ఆరంభం దాకా వ్యాపార పవనాలు వరుసగా బలపడుతూ వచ్చాయి. ఆ కాలంలో ఇండోనేషియా దారి గుండా నీరు పెరిగింది. ఆస్ట్రేలియా పడమటి తీరం నుంచి జావా వైపు వెళ్లే సరకు ఓడల మీద నుంచి 1980ల నుంచీ ఉష్ణోగ్రత కొలిచే చిన్న పరికరాలను నీటిలో జారవిడుస్తున్నారు. ఆ కొలతల్లో ఈ పెరుగుదల కనిపించింది.

దాని ఫలితం ఏమిటి? హిందూ మహాసముద్రం ప్రపంచ సముద్రాల వైశాల్యంలో సుమారు ఐదో వంతు. కానీ 2003 నుంచి 2012 వరకు పదేళ్లలో ప్రపంచ సముద్రాల పై 700 మీటర్లలో చేరిన వేడిలో 70 శాతానికి పైగా ఈ ఒక్క మహాసముద్రంలోనే చేరిందని 2015లో ఒక పరిశోధన తేల్చింది. పసిఫిక్ తీసుకున్న వేడిని ఇండోనేషియా తలుపు గుండా ఇటు పంపిందన్నమాట. ఆ సంవత్సరాల్లో భూమి మీది గాలి వేడెక్కడం కాస్త నెమ్మదించిందని, భూతాపం ఆగిపోయిందని కొందరు రాశారు. వేడి ఆగలేదు. నీటి కిందికి, పక్క సముద్రానికి పోయింది.

2011 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇది అందరికీ కనిపించింది. బలమైన లా నినా వల్ల ఇండోనేషియా గుండా, ఆస్ట్రేలియా పడమటి తీరం వెంట వెచ్చని నీరు విపరీతంగా వచ్చింది. ఆ తీరంలో సముద్రపు వడగాలి అని చెప్పదగిన పరిస్థితి ఏర్పడింది. అక్కడ కెల్ప్ అనే పెద్ద నాచు మొక్కల అడవులు నీటి కింద ఉంటాయి. చేపలకు, పీతలకు, రొయ్యలకు అవే ఇళ్లు. తీరం వెంట సుమారు వంద కిలోమీటర్ల మేర ఆ అడవులు పోయాయి. నీరు చల్లబడ్డాక కూడా ఏళ్ల తరబడి తిరిగి రాలేదు.

ఆ తర్వాత 2015-16లో పెద్ద ఎల్ నినో వచ్చింది, ప్రవాహం తగ్గింది. కాబట్టి ఇది ఒకే దిక్కున పోయే మార్పు అని తొందరపడి చెప్పకూడదు. బొగ్గుపులుసు వాయువు పెరిగే కొద్దీ ఈ శతాబ్దంలో ఇండోనేషియా ప్రవాహం మొత్తంగా తగ్గుతుందని ఎక్కువ కంప్యూటర్ నమూనాలు చెబుతున్నాయి. ఇప్పటివరకు కొలిచింది ఒకటి, ముందు వస్తుందని లెక్కగట్టింది ఇంకొకటి. రెండూ వేరు వేరు కాలాల మాటలు. ఒకదాన్ని ఇంకొకటి అబద్ధం చేయదు.

ఆఫ్రికా కొస దగ్గర

హిందూ మహాసముద్రానికి ఉత్తరాన ఆసియా ఖండం గోడలా ఉంది. వచ్చిన వేడి అటు పోలేదు, దక్షిణానికే పోవాలి. ఆఫ్రికా తూర్పు తీరం వెంట కిందికి పారే అగుల్హాస్ ప్రవాహం అందులో ముఖ్యమైనది. దాని పరిమాణం 70 స్వెర్‌డ్రప్‌లకు పైమాటే. ఆఫ్రికా దక్షిణ కొస దాటాక అది హఠాత్తుగా వెనక్కి తిరిగి మళ్లీ హిందూ మహాసముద్రంలోకే వస్తుంది. ఆ మలుపు దగ్గర ఏడాదికి కొన్ని పెద్ద సుడులు తెగిపోతాయి. ఒక్కొక్కటి రెండు మూడు వందల కిలోమీటర్ల వెడల్పు. అవి వెచ్చని, ఉప్పని నీటిని మోసుకుంటూ అట్లాంటిక్‌లోకి వెళ్లిపోతాయి. దీన్ని అగుల్హాస్ కారుడు అంటారు. సుమారు 15 స్వెర్‌డ్రప్‌లు ఉంటుందని అంచనా.

దక్షిణ గోళంలో పడమటి గాలుల పట్టీ దక్షిణ ధ్రువం వైపుకు జరగడంతో ఈ కారుడు పెరుగుతోందని 2009లో అర్నే బియాస్టోక్ బృందం నమూనాలతో చూపింది. గాలులు బలపడ్డాయి కాబట్టి అగుల్హాస్ ప్రవాహం కూడా బలపడి ఉంటుందని అనుకోవడం సహజం. కానీ లీసా బీల్ అనే శాస్త్రవేత్త సముద్రంలో నేరుగా పరికరాలు పెట్టి కొలిచి, ఉపగ్రహాల లెక్కలతో జోడించి చూస్తే, 1990ల ఆరంభం నుంచి ప్రవాహం బలపడలేదు, వెడల్పు అయింది. ఆమె, షేన్ ఎలిపోట్ 2016లో ఈ సంగతి ప్రచురించారు. సుడులు ఎక్కువై ప్రవాహం చెదిరిపోతోందని వారి వివరణ. ఊహ ఎంత సబబుగా ఉన్నా కొలత ముందు నిలవాలి.

ఒక ఏడాది లెక్క లెక్క కాదు

అట్లాంటిక్‌లో వెచ్చని నీరు పైన ఉత్తరానికి పోయి, చల్లబడి, మునిగి, అడుగున తిరిగి దక్షిణానికి వస్తుంది. "ఈ ప్రవాహం ఆగిపోబోతోంది" అని పేపర్లలో, టీవీల్లో తరచుగా వస్తుంటుంది. 2004 ఏప్రిల్ నుంచి ఫ్లోరిడా నుంచి ఆఫ్రికా తీరం దాకా పరికరాలు వరుసగా నిలిపి దీన్ని కొలుస్తున్నారు. సగటు సుమారు 17 స్వెర్‌డ్రప్‌లు. 2009-10లో అది దాదాపు 30 శాతం పడిపోయింది. ఆ ఒక్క ఏడాదినే చూసినవాళ్లు ఇక అయిపోయిందనుకుంటారు. కానీ అది మళ్లీ కోలుకుంది.

మన ఊరి బావి సంగతి ఆలోచించండి. ఒక ఎండాకాలం బావి అడుగంటితే భూమిలో నీరు శాశ్వతంగా తగ్గిందని చెప్పలేం. ఒక వానాకాలం నిండితే బాగుపడిందనీ చెప్పలేం. ప్రతి ఏడూ అదే నెలలో తాడు వేసి కొలిచి, ఇరవై ఏళ్లు పుస్తకంలో రాసుకుంటే అప్పుడు తెలుస్తుంది. సముద్రంలోనూ అంతే. కొలిచిన కాలం చిన్నదైతే ఊగిసలాట కూడా మార్పులా కనిపిస్తుంది. అలాగని భయమే లేదనీ కాదు. ప్రపంచ వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం ఈ అట్లాంటిక్ ప్రవాహం ఈ శతాబ్దంలో బలహీనపడడం చాలావరకు ఖాయం. 2100 లోపు హఠాత్తుగా కూలిపోదని మాత్రం మధ్యస్థ నమ్మకంతో చెప్పింది. "బలహీనపడడం" వేరు, "ఆగిపోవడం" వేరు. వార్త చదివేటప్పుడు ఈ రెండు మాటల తేడా చూడండి.

బేరింగ్ జలసంధిలో రెబెక్కా వుడ్‌గేట్ బృందం 1990 నుంచి దాదాపు ఎడతెగకుండా కొలుస్తోంది. అంతకాలం కొలిచారు కాబట్టే అక్కడ ఉత్తరానికి పారే నీరు పెరుగుతోందని ధైర్యంగా చెప్పగలుగుతున్నారు.

ఇదంతా మనకెందుకు?

మనలో చాలామంది ఇళ్లు వాన మీద బతికేవి. కూలి దొరకాలన్నా, చెరువు నిండాలన్నా, పడవ వేటకు పోవాలన్నా సముద్రం సంగతి చూసుకోవాల్సిందే. నైరుతి ఋతుపవనాలకు తేమ ఇచ్చేది హిందూ మహాసముద్రమే. నేల వేడిగా, సముద్రం దానికంటే చల్లగా ఉండడం వల్ల గాలి ఇటు వీస్తుంది. సముద్రం వేగంగా వేడెక్కితే ఆ తేడా తగ్గుతుంది. పడమటి హిందూ మహాసముద్రం 1901 నుంచి 2012 వరకు వేసవి కాలంలో సుమారు 1.2 డిగ్రీలు వేడెక్కిందని, ఈ వేడి వల్ల మన దేశంలో కొన్ని ప్రాంతాల్లో వానలు తగ్గుముఖం పట్టాయని రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు 2014, 2015 సంవత్సరాల్లో ప్రచురించారు. ఈ వేడికి ప్రధాన కారణం మనుషులు వదిలే వాయువులు. సముద్రాల మధ్య ప్రవాహాలు ఆ వేడిని ఏ మూలకు ఎంత పంచాలో నిర్ణయిస్తాయి.

హిందూ మహాసముద్రంలో తూర్పు, పడమరల మధ్య ఉష్ణోగ్రత తారుమారయ్యే డైపోల్ అనే స్థితిని 1999లో గుర్తించారు. 1997లో పెద్ద ఎల్ నినో ఉన్నా మన దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. డైపోల్ అనుకూలంగా ఉండడం దానికి ఒక కారణమంటారు. 2002లో అలాంటి సాయం లేదు, తీవ్రమైన కరువు వచ్చింది. కాబట్టి ఎల్ నినో అనగానే కరువని, లా నినా అనగానే పంటని అనుకోవడానికి లేదు.

మన తీరానికే ఒక చిన్న తలుపు ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆంధ్ర తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పోతుంది. చలికాలంలో మన నదుల మంచినీరు కలిసిన బంగాళాఖాతపు నీరు శ్రీలంకను చుట్టి అరేబియా సముద్రం వైపు పోతుంది. వానాకాలంలో అటునుంచి ఉప్పు ఎక్కువ ఉన్న నీరు ఇటు వస్తుంది. తుపాన్లు ఎంత బలపడతాయన్నది కొంతవరకు ఈ పై పొరలోని ఉప్పు, వేడి మీద కూడా ఆధారపడుతుంది.

ఎవరు కొలుస్తారు? మనం కూడా

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే. ఇంటర్ తర్వాత ఏం చదవాలో చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరని నాకు తెలుసు కాబట్టి ఈ నాలుగు మాటలు.

సముద్ర శాస్త్రానికి పునాది భౌతికశాస్త్రం, గణితం. మన విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950ల నుంచే ఈ చదువు ఉంది. అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ అప్పట్లో ఇక్కడికి వచ్చి విద్యార్థులతో కలిసి మన తీరాన్ని పరిశీలించారు. హైదరాబాదులో 1999లో నెలకొల్పిన ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర సమాచారం సేకరిస్తుంది, సునామీ హెచ్చరికలు ఇస్తుంది, చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు తెలుగులోనూ తెలియజేస్తుంది. ప్రపంచమంతా సుమారు నాలుగు వేల ఆర్గో యంత్రాలు సముద్రంలో తేలుతున్నాయి. ఒక్కొక్కటి వెయ్యి మీటర్ల లోతులో కొట్టుకుపోతూ, పది రోజులకొకసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. ఈ పనిలో మన దేశానికీ భాగం ఉంది. ఆ లెక్కలన్నీ ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. నువ్వెవరి కూతురివి, ఏ ఊరిదానివి అని ఆ అంకెలు అడగవు.

పైన చెప్పిన లీసా బీల్, రెబెక్కా వుడ్‌గేట్ ఇద్దరూ స్త్రీలే. ఇన్‌స్టంట్ కార్యక్రమానికి నాయకత్వం వహించిన జానెట్ స్ప్రింటాల్ కూడా స్త్రీయే. ఓడలెక్కి, వారాల తరబడి సముద్రంలో ఉండి, టన్నుల బరువున్న పరికరాలను దింపించి, తీయించి ఈ లెక్కలు తెచ్చారు. ఆడపిల్లలకు సముద్రం పని ఎందుకని ఎవరైనా అంటే ఈ ముగ్గురి పేర్లు చెప్పండి.

మీరే ప్రయత్నించండి

1. బేరింగ్ జలసంధిలో ప్రవాహం 0.8 నుంచి 1 స్వెర్‌డ్రప్‌కు పెరిగితే, 1986 నాటి గోదావరి వరదలు ఎన్ని అదనంగా చేరినట్టు?

2. అగుల్హాస్ కారుడు నీరు చుట్టూ ఉన్న నీటి కంటే 2 డిగ్రీలు వెచ్చగా ఉంటే ఎన్ని మెగావాట్ల వేడి అదనంగా అట్లాంటిక్‌లోకి పోతున్నట్టు?

3. మీ ఊరి బావి లేదా చెరువు మట్టాన్ని ప్రతి నెలా ఒకే తేదీన కొలిచి నోటు పుస్తకంలో రాయండి. ఒక ఏడాది చాలదు. సెలవులకు వెళ్లినప్పుడు మీరు, మిగతా రోజుల్లో ఇంట్లో తమ్ముడో చెల్లెలో రాయవచ్చు.

మొదటి రెండింటికి జవాబులు: రెండు వరదలు; 12 కోట్ల మెగావాట్లు. మూడో దానికి జవాబు మీ పుస్తకంలోనే తయారవుతుంది. వచ్చే ఏడాది సంచికకు ఆ లెక్క ఎవరైనా పంపితే చదవాలని ఉంది.

– పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ